ఎర్రగుడ్డలో చుట్టిన రెండు ఇంజెక్టర్లు

చోడవరం,
నవంబరు 6

ఆబిద్ భాయ్‌కి సలాం.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాయవలసి వచ్చిందో ముందు చెప్తాను. నువ్వు పంపిన ఇంజెక్టర్ల పరీక్ష పూర్తయింది. వాటిలో కొన్ని పనికిరావు. డిసెంబరులో కారు రేసు ట్రాక్ మీదికి వెళ్తుందన్నావు కాబట్టి ఈ సంగతి నీకు ఈ వారంలోనే తెలియాలి. ఫోన్లో చెప్దామంటే నువ్వు స్పీకర్ పెడతావు, పక్కన మీ గరాజు ఓనరు ఉదయ్‌కుమార్ గారు ఉంటారు, నా ప్రతి మాటకూ నువ్వు ఊఁ కొడతావు. వాట్సాప్‌లో అడిగితే జవాబు రాసి, తర్వాత నువ్వే చెరిపేస్తావు. ప్రెషరు సంగతి పోయిన నెల ఏం రాశావో చూద్దామని వెతికితే అక్కడ ఏమీ లేదు. కాగితం మీద రాసింది అలా మాయం చెయ్యలేవు కదా. మనిద్దరికీ ఉర్దూ మాట్లాడటమే గాని రాయడం రాదు. అందుకని బడిలో నేర్చుకున్న తెలుగులోనే రాస్తున్నాను. నువ్వూ అలాగే రాయి. తప్పులు దిద్దనులే.

చిన్నవి నాలుగు, పెద్దవి ఆరు పంపి, ఏవి పెట్టాలో తేల్చమన్నావు. చిన్నవి వద్దు. పెట్రోలుకైతే సరిపోయేవి. కానీ మీరు పోసేది ఇథనాల్ బాగా కలిపిన ఇంధనం. అదే బలం రావాలంటే పెట్రోలు కంటే ఇంచుమించు మూడో వంతు ఎక్కువ పొయ్యాలి. కారు నడిపే సన్నీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, ఇంధనం చిమ్ముతూ చిన్న ఇంజెక్టరు నోరు తెరుచుకునే ఉండిపోతుంది, మూసుకునే తీరిక ఉండదు. ప్రెషరు పెంచితే చాలదా అని నువ్వంటావు. ప్రెషరు రెట్టింపు చేసినా వచ్చే ఇంధనం సగం కూడా పెరగదు. పంపు మాత్రం అరిగిపోతుంది.

పెద్దవాటినే పెట్టు. కానీ ఆరూ కాదు. మన షాపులో నేను కట్టుకున్న బెంచీ మీద ఆరింటినీ గాజు గొట్టాల్లోకి పోయించాను. చల్లగా ఉన్నప్పుడు ఆరూ ఒక్కలాగే పోశాయి. ఇంజను మీద ఉండేంత వేడి ఇచ్చి చూస్తే రెండు మందగించాయి. మిగతావాటి కంటే పదో వంతు తక్కువ. పెట్టె మీద పేరు చూసి మోసపోకు, ఆ రెండూ నకలు సరుకని నా అనుమానం.

ఇది మీ ల్యాప్‌టాప్‌లో దొరకదు భాయ్. నాలుగు సిలిండర్ల పొగా ఒకే గొట్టంలో కలిశాక సెన్సారు దాన్ని చూస్తుంది. మూడు సిలిండర్లకు కాస్త ఎక్కువ అంది, ఒకదానికి తక్కువైతే, అది సగటు చూసి అంతా బాగుందంటుంది. తక్కువ అందినదాంట్లో మంట వేడెక్కి పిస్టన్ కరిగిపోతుంది. అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

బాగున్న నాలుగూ పెట్టెలో పెట్టాను, చిన్నవి తర్వాత పంపుతాను. పనికిరాని రెండూ ఎర్రగుడ్డలో చుట్టి అదే పార్సిలులో పంపుతున్నాను. మన షాపు పద్ధతి నీకు కొత్త కాదు, పాత సామాను సొంతదారు చేతికి ఇవ్వకపోతే పేచీయే. నిన్న సన్నీ వాళ్ల నాన్న సత్యారావు మామ చెరకు ట్రాక్టరుకి నాజిళ్లు వేయించుకుని అబ్బాతో ఒకటే గొడవ.

"ఖాదరూ, పాత నాజిళ్లేవీ? దాసీసి ఇంకోడికి ఎక్కించేద్దామనా?"

"అవి పెట్టి ఏం సేసుకుంటావు సత్యారావూ, కూర వొండుకుంటావా?"

"వొండుకుంటానో, అటక మీద పడేస్తానో. నాయి నాకిచ్చీ."

పోతూ పోతూ నా బెంచీ దగ్గర ఆగి, "మా సన్నీగాడు కూకునే కారు సామాను ఇదేనా? బాగా సూడమ్మీ, ఆడికి తొందరెక్కువ" అన్నాడు. బాగానే చూశాను.

ఈ కారు నిలబడితే పరీక్షల పనంతా నాకే ఇస్తానని ఉదయ్‌కుమార్ గారు అన్నారని చెప్పావు. ఆ మాట నేను మరిచిపోలేదు, నువ్వూ మరిచిపోకు. నా డిప్లొమా కాగితం చూసి ఇక్కడ అందరూ పెళ్లి సంబంధాల గురించే అడుగుతున్నారు. పని గురించి అడిగినవాడివి నువ్వొక్కడివే.

పాత ట్యాంకు కడిగించు. ఇథనాల్ లోపలి మడ్డినంతా ఊడదీసి ఇంజెక్టర్లలోకి తెస్తుంది.

జుబేదా


కోయంబత్తూరు,
నవంబరు 19

ఒసే జుబ్బీ, సలాం.

ఇంజినీరమ్మ గారి ఉత్తరం అందింది. అది సదివేసరికి రెండు టీలు సల్లారిపోయేయి. చాచా నన్ను ఏడో తరగతితో మాన్పించి స్పానరు సేతికిచ్చేరు, నిన్ను మాత్రం పాలిటెక్నికు దాకా పంపేరు. అందుకే నీ ఉత్తరాలు నాకు బరువు. నవ్వుకోడానికే అన్నాను, మూతి ముడుసుకోకు.

నువ్వు సెప్పిన నాలుగూ పెట్టేను. ఎంత నున్నగా తిరిగిందో! ఇంజను ఆన్‌లో పెట్టి మీద టీ గ్లాసు పెడితే తొణకలేదు. ఓనరు సూసి, "చోడవరంలో చెరకు ట్రాక్టర్ల మధ్య కూర్చుని ఎవరో అమ్మాయి నా కారుకి ఇంజెక్టర్లు ఎంచిందా" అని నవ్వేడు. నవ్వితే నవ్వేడు గాని, ఆ అమ్మాయి పేరేటని మళ్లీ అడిగేడు. సెప్పేను. జుబేదా, మా చాచా కూతురు అని గట్టిగా సెప్పేను.

సన్నీ గుంటడు నీ ఎర్రగుడ్డ సూసి, "ఇదేటి భాయ్, పెళ్లికూతురి మూటా?" అని ఒకటే ఎగతాళి. ఆడు ఈమధ్య అద్దం ముందు హెల్మెట్ ఎట్టుకుని ఫొటోలు దిగుతన్నాడు. ఆడికి ఈ పని ఇప్పించింది నేనని ఆళ్లమ్మ అచ్చియ్యమ్మ పిన్నికి గుర్తు సెయ్యి, ఈసారొచ్చినప్పుడు కోడిపలావు వొండాలని సెప్పు.

ట్యాంకు కడిగిస్తాంలే. కంగారు పడకు. చాచాకి, చాచీకి సలాం.

నీ భాయ్
ఆబిద్


చోడవరం,
డిసెంబరు 2

భాయ్,

టీ గ్లాసు తొణకలేదన్న ముక్క అబ్బాకి రెండుసార్లు చదివి వినిపించాను. బెంచీ మీద నా పేరు రాయిస్తానన్నారు. సాయంత్రం ట్రాక్టర్ల వాళ్లందరికీ ఆ మాటే చెప్పడం విన్నాను. చెరకు ఫ్యాక్టరీలో క్రషింగు మొదలైంది, మన రోడ్డంతా చెరకు బళ్లే. షాపులో చెయ్యి ఖాళీ లేదు.

రెండు సంగతులు. ట్యాంకు కడిగిస్తాంలే అన్నావు, కడిగించాం అనలేదు. కడిగించావా? రెండోది, ఎర్రగుడ్డలోవాటిని సుత్తితో కొట్టి పారెయ్. వాటిని తిరిగి పంపడమే పొరపాటేమో అని ఇప్పుడనిపిస్తోంది. ఇక్కడ సత్యారావు మామ పాత నాజిలు ఇంటికి పట్టుకెళ్లి అటక మీద పడేస్తాడు, దాని కథ అక్కడితో సరి. మీ గరాజులో అది అల్మారాలో ఉంటుంది. తొందరలో ఎవరికో ఒకరికి చేతికందుతుంది. చల్లగా ఉన్నప్పుడు చూస్తే బాగానే పోస్తుంది కూడా.

ఈ రెండింటికీ జవాబు రాయి. వేరే కబుర్లు లేకపోయినా ఫర్వాలేదు.

జుబేదా


కోయంబత్తూరు,
డిసెంబరు 21

జుబేదా,

ఫోన్లో సంగతి మీకు తెలిసే ఉంటది. సన్నీకి కాలింది. కుడి సెయ్యి, మోసేతి దాకా. ప్రాణానికి ఏటీ లేదన్నారు డాక్టర్లు. మూడో సిలిండరు పిస్టన్ కరిగిపోయి, రాడ్డు ఇరిగి, ఇంజను పక్క పగలగొట్టుకుని బయటికొచ్చీసింది. ఆయిలు ఎళ్లి వేడి గొట్టం మీద పడ్డాది. మేం పరిగెట్టేసరికే మంట. ఆడు బెల్టు ఊడదీసుకోడానికి సెయ్యి లోపలే ఉంచీసేడు.

ఏం జరిగిందో నాకూ తెలీదు. ఓనరు ఎవరితోనూ మాట్లాడతల్లేదు. నువ్వు కూడా ఎవరడిగినా ఏటీ సెప్పకు. ఇంజెక్టర్ల మాట అసలెత్తకు. మళ్లీ రాస్తాను.

ఆబిద్


చోడవరం,
జనవరి 8

ఆబిద్ భాయ్‌కి,

మళ్లీ రాస్తానన్నావు. రాయలేదు. రేసింగు క్లబ్బు వాళ్ల దగ్గర్నుంచి మాత్రం రిజిస్టరు పోస్టు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. అబ్బా పక్కన కూర్చుని, ఒక్కో వాక్యం చదివి అర్థం చెప్పమన్నారు. చెప్పాను. మీ ఓనరు వాళ్లకిచ్చిన రిపోర్టు ప్రకారం ఇంజను పాడవడానికి కారణం ఇంధనం సరిగ్గా అందకపోవడం. ఇంజెక్టర్లను ఎంచి, పరీక్షించి, సరే అన్నది చోడవరం జుబేదా. మార్చి తొమ్మిదిన కోయంబత్తూరులో విచారణ. నేను వచ్చి చెప్పుకోకపోతే ఆ రిపోర్టే ఖాయం చేసి, నా చేత పరీక్షలు చేయించవద్దని తమ కిందున్న గరాజులన్నింటికీ రాస్తారట.

డిప్లొమా తర్వాత నా పేరు ఇంగ్లీషు అచ్చులో చూడటం నాకు అదే మొదటిసారి.

ఆ మర్నాడు అచ్చియ్యమ్మ పిన్ని వచ్చింది. బుచ్చయ్యపేట నుంచి ఆటోలో వచ్చి తిన్నగా షాపు మెట్టు మీద కూర్చుంది. రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు వరస కట్టి ఉన్నాయి. డ్రైవర్లందరూ దిగి చూస్తున్నారు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఇక్కడే కూకుంటాను. అందరూ ఇననీ. ఒలమ్మీ, సదూకున్న గుంటవని నా కొడుకు పేణం నీ సేతిలో ఎట్టేం. ఏటి సూసేవు నువ్వు? ఆ గొట్టాల్లో ఏటి కొలిసేవు?"

"పిన్నీ, నేను పంపిన నాలుగూ బాగున్నాయి. నేను..."

"బాగుంటే నా బిడ్డ సెయ్యెందుకలా అయిపోనాది? ఏళ్లు అతుక్కుపోనాయే! సెంచా అట్టుకోలేకపోతన్నాడే!"

అబ్బా రెండు చేతులూ గుడ్డతో తుడుచుకుంటూ నిలబడిపోయారు. ఆ చేతులకి మురికేమీ లేదు. పిన్ని ఆయన వైపు తిరిగి, "ఖాదరన్నా, ఆడపిల్లకి ఈ పనేటన్నా? నీ పేరు సూసి మేం నమ్మేం గాని దాన్ని సూసా?" అంది. ఆరోజు నుంచి సత్యారావు మామ ట్రాక్టరు అనకాపల్లి తీసుకెళ్తున్నాడు. మరి కొందరు కూడా.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. మూడో సిలిండరులో ఉన్నది నేను పెట్టెలో పంపినదేనా? అవునో కాదో రాయి. ఇంకేమీ వద్దు.

జుబేదా


కోయంబత్తూరు,
జనవరి 20

జుబేదా,

నువ్వు పంపినవే పెట్టేను. బయటివి ఒక్కటీ పెట్టలేదు. ముందురోజు నేనే ల్యాప్‌టాప్ పెట్టి సూసేను, సెన్సారు అంతా బాగానే ఉందని సూపించింది. దానికి నేనేం సెయ్యను?

నువ్వు విచారణకి రాకు. అక్కడ అందరూ పెద్ద పెద్ద ఇంగ్లీషోళ్లు. నిన్ను అడగరాని మాటలు అడుగుతారు. పొరపాటైందని రెండు ముక్కలు రాసి పంపీ. నువ్వు గరాజులో జీతగత్తెవి కావు, నిన్నేటీ సెయ్యలేరు. నాలుగు నెలలు పోతే అందరూ మర్సిపోతారు. సన్నీకి వైజాగులో ఆపరేషను సేయిస్తానని ఓనరు ఒప్పుకున్నాడు. ఈ గొడవ పెద్దదైతే ఆయన ఎనక్కి తగ్గిపోతాడు. అదీ ఆలోసించు.

చాచాకి బాగోలేదని ఫోన్లో చాచీ సెప్పింది. ఆయన దగ్గర ఈ మాటలు ఎత్తకు.

ఆబిద్


చోడవరం,
ఫిబ్రవరి 1

ఆబిద్ భాయ్,

అవునో కాదో రాయమన్నాను. నువ్వు పేజీడు రాశావు. "నువ్వు పంపినవే" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. నేను పంపినవి ఆరు.

నిన్న వైజాగు ఆస్పత్రికి వెళ్లి సన్నీని చూశాను. పిన్ని గది బయటికి వెళ్లేదాకా ఆగి లోపలికి వెళ్లాను. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, ఎడం చేత్తో ఫోన్లో పాత వీడియోలు చూస్తున్నాడు. నన్ను చూసి ముందు నవ్వాడు.

"అక్కా, నా హెల్మెట్ ఫొటోలకి ఎన్ని లైకులొచ్చేయో సూసేవా? ఇప్పుడు ఈ సెయ్యి ఎడితే ఇంకా వస్తాయి."

తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "నాదే తప్పక్కా. మీటరు ఎర్రగీత దాటించేసేను. భాయ్ సెప్తానే ఉన్నాడు, ఎక్కువ తొక్కకురా అని. అమ్మకి సెప్పకు."

ముందురోజు సంగతి అడిగాను. దాచకుండా చెప్పాడు, ఎందుకంటే అందులో దాచవలసింది ఉందని వాడికి తెలియదు. ముందురోజు సాయంత్రం ఇంజను ఎగిరెగిరి పడిందట. మూడో ఇంజెక్టరులో మడ్డి చేరిందని నువ్వు విప్పావట. కడిగినా తెరుచుకోలేదట. "అప్పుడు భాయ్ అల్మారాలోంచి ఆ పెళ్లికూతురి మూట తీసి, అందులోది ఒకటి ఎక్కించేడక్కా. సీసాలోకి పోయించి కూడా సూపించేడు, బాగానే పోసింది. ఎంటనే ఇంజను నెమ్మదించీసింది. భాయ్ సెయ్యి పడితే అంతే" అన్నాడు.

నీ చెయ్యి గురించి గర్వంగా చెప్పాడు. తన కట్టు చెయ్యి ఎత్తి మరీ చెప్పాడు.

ట్యాంకు కడిగించలేదన్నమాట. ఎర్రగుడ్డ ముడి విప్పావన్నమాట. సీసాలోకి చల్లగా పోయించి చూశావన్నమాట. ఈ మూడూ నీకు ముందే రాశాను. మా అమ్మీ నిన్ను తన కొడుకనే అందరికీ చెప్తుంది. మీ అబ్బా పోయాక నువ్వు మా ఇంట్లో నా పక్కనే కూర్చుని అన్నం తిన్నావు. నాకు మొదటిసారి స్పానరు పట్టుకోవడం చూపించింది నువ్వే. కాబట్టి ఇంకోసారి అడుగుతున్నాను. ఈసారి అవును అనే రాస్తావని అనుకుంటున్నాను.

జుబేదా


కోయంబత్తూరు,
ఫిబ్రవరి 12

జుబ్బీ,

అవును.

మర్నాడు పొద్దున్నే పరుగు. కొత్తది రావాలంటే వారం పడతాది. కారు దించకపోతే ఓనరు నన్ను మళ్లీ గరాజు గేటు దాటనివ్వడు. ఆయనకి నేను సెప్పలేదు, ఆయనా అడగలేదు. అందులోది ఒకటి వేడెక్కించి కూడా సూసేను, నువ్వు నమ్మవు గాని. సేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉండేదాకా వేడినీళ్లలో పెట్టేను. ఇంజను వేడి అంతకంటే ఎక్కువని నాకు తెలీదా? తెలుసు. ఒక్క పరుగే కదా, నిలబడతాదిలే అనుకున్నాను. సెన్సారు బాగుందంటుంటే నాకు ధైర్యం వచ్చీసింది.

ఇప్పుడు నువ్వు కోపం పక్కన పెట్టి విను. నాకు ఈ పని తప్ప ఏటీ రాదు. ఏడో తరగతి సదివినోడిని ఇంజను ముట్టుకోవద్దంటే నేను ఎక్కడికెళ్లాలి? నీకేటి పోతాది? నీకు డిప్లొమా ఉంది. రేపు నిఖా అవుతాది, ఎక్కడో సంసారం సేసుకుంటావు. కోయంబత్తూరులో నీ పేరు మీద ఏ మచ్చ ఉంటే చోడవరంలో ఎవరికి కనపడతాది? నా పేరైతే నేను రోజూ మొయ్యాలి.

ఓనరు రిపోర్టు ఇస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. నీ పేరు నేను సెప్పలేదు, ఆయనకి ముందే తెలుసు. నేనే సెప్పేను కదా అప్పుడు, గట్టిగా. కాదు అని నోరు ఇప్పుదామనుకున్నాను. నోరు రాలేదు.

సన్నీని నేను సూసుకుంటాను. ఆడికి జీవితమంతా ఏ లోటూ రానివ్వను. ఖురాను మీద ఒట్టు. ఈ ఒక్కదానికీ నన్ను ఇడిసీ. సెల్లివి కదే.

ఆబిద్


చోడవరం,
ఫిబ్రవరి 22

ఆబిద్ భాయ్,

రంజాన్ రోజాలు మొదలయ్యాయి. నోట్లో నీటిచుక్క లేకుండా కూర్చుని రాస్తున్నాను కాబట్టి అబద్ధం రాయను, మెత్తగా కూడా రాయలేను.

నీ ఉత్తరం అబ్బాకి చదివి వినిపించాను. ఆయన దగ్గర ఎత్తవద్దన్నావు. ఈ ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, ఏ కాగితంలో ఏముందో ఆయనకు నేనే చెప్పాలి. అందులో కొంత దాస్తే ఇక నేను చదివేదేదీ ఆయన నమ్మకూడదు. మొత్తం చదివాను. విని, మంచం మీద లేచి కూర్చున్నారు.

"ఆ కాగితం ఎవరికీ సూపించకమ్మా" అన్నారు.

"ఎందుకబ్బా?"

"ఆడు మగపిల్లోడు. బయట తిరిగి బతకాల. నీకేటి, నువ్వు ఇంట్లో ఉంటావు."

నువ్వూ ఆయనా ఒకే మాట. ఇద్దరూ కలిసి అనుకోలేదు, అయినా ఒకే మాట. బెంచీ మీద నా పేరు రాయిస్తానని నవంబరులో అన్నది ఈ మనిషేనా అనిపించింది. "అబ్బా, నేను ఇంట్లో ఉండేదాన్నైతే చదువెందుకు చెప్పించావు?" అని అడిగాను. దానికి అమ్మీ జవాబిచ్చింది. "చదివించింది ఇందుకా? ఇంట్లోవాడి మీదే చెప్పడానికా?" అంది. ఇఫ్తారుకి ముగ్గురం ఒకే పళ్లెం ముందు కూర్చున్నాం.

తర్వాత ఇంకో పని చేశాను. నీకు తెలియాలి. మళ్లీ వైజాగు వెళ్లి సన్నీకి చెప్పాను. నీ తప్పు కాదురా, ఎర్రగీత దాటినందుకు పిస్టన్ కరగలేదు, ఆ మూటలోది పెట్టినందుకు కరిగింది అని. నమ్ముతాడనుకున్నాను. గోడ వైపు తిరిగిపోయాడు.

"భాయ్ అలా సెయ్యడక్కా. నన్ను ఇక్కడి దాకా తెచ్చింది ఆడే. నీ పేరు పోతందని ఆడి మీద ఎడతన్నావు."

పిన్ని తలుపు దగ్గర నిలబడి వింది. "అన్నీ కొలిసీసేవు, ఇప్పుడు మనుసుల్ని కొలుత్తన్నావా? పో అమ్మీ" అంది. నేను వచ్చేశాను. బస్సులో చోడవరం దాకా నిలబడే వచ్చాను. సీటు ఉంది, కూర్చోబుద్ధి కాలేదు.

భాయ్, నీ ఉత్తరం వాడికి చూపిస్తే నమ్మేవాడు. నా సంచీలోనే ఉంది. తియ్యలేదు. నిన్ను కాపాడాలని కాదు. ఆ మాట నువ్వు నాకు చెప్పావు, వాడికి చెప్పలేదు. మంచం మీద ఉన్నవాడు నిన్ను నమ్ముతూ, తనను తాను తిట్టుకుంటున్నాడు. జీవితమంతా సూసుకుంటాను అంటున్నావు. ముందు వాడి మీదున్న ఆ తప్పు తియ్యి. వాడికి చెయ్యి లేకుండా చేశావు, దానికి తోడు ఆ చెయ్యి తన తప్పు వల్లే పోయిందనుకునేటట్టు కూడా చేశావు. నా పేరు సంగతి తర్వాత.

నా పేరు సంగతి కూడా చెప్తాను. నీకేటి పోతాది అని అడిగావు. ఇన్నాళ్లూ నా దగ్గర ఉన్నది ఒక్కటే. నేను బాగుందంటే బాగున్నట్టు, బాగోలేదంటే బాగోలేనట్టు. దానికోసమే చదివాను. ఆ రెండూ పనికిరావని నేను చెప్పాను, చెప్పింది నిజమైంది, అయినా నేను బాగున్నాయన్నానని అచ్చేశారు. మచ్చ ఎవరికి కనపడుతుందంటావు. షాపులో నాజిలు చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నాకు కనపడుతుంది. ఇది నిఖాతో పోయేది కాదు.

పొరపాటైందని రాసి పంపను. విచారణకి వస్తున్నాను. టికెట్టు తీసుకున్నాను, అనకాపల్లిలో రైలెక్కుతాను. అబ్బా వెళ్లొద్దనీ అనలేదు, వెళ్లమనీ అనలేదు. అమ్మీ మాట్లాడటం మానేసింది. ఇంగ్లీషోళ్లు అడగరాని మాటలు అడుగుతారన్నావు. అడగనీ. ఏ ఇంజెక్టరు ఎంత పోసిందో చెప్పడానికి నాకొచ్చిన ఇంగ్లీషు చాలు.

నీ ఉత్తరం మాత్రం విచారణ గదిలోకి తేను. ఇంట్లో నీ మంచం పక్కన, నీ పాత పెట్టెలో పెట్టి వస్తాను. నేను పరీక్షించింది చెప్తాను, పనికిరావని రాసింది చెప్తాను. అప్పుడు వాళ్లు, మరి అది ఇంజనులోకి ఎలా వెళ్లిందని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు నీదే. నువ్వు ఆ గదిలో ఉంటే నేను మాట్లాడటం ఆపి నీ వైపు చూస్తాను. నువ్వు లేకపోతే నీ పేరు నేను చెప్తాను. నువ్వు లేనప్పుడు నీ మీద చెప్పడం నాకు ఇష్టం లేదు, అందుకే ఇంత ముందుగా రాస్తున్నాను.

ఆ ఊళ్లో నాకు నువ్వు తప్ప ఎవరూ తెలియదు. మార్చి ఎనిమిది పొద్దున్న కోయంబత్తూరు స్టేషన్లో దిగుతాను. నన్ను దించుకోవడానికి వస్తావో రావో, ఒక్క ముక్క రాయి. మార్చి మూడో తేదీలోపు నా చేతికి అందాలి.

జుబేదా